కడబంతి గుండిగ

మా ఊరినుంచి అహోబిలం పోయి వచ్చినవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. పుట్టెంట్రుకలకు పోయినవాళ్ళు, మొక్కు తీర్చడానికి పోయినవాళ్ళు, పెళ్ళి కుదరక పోయినవాళ్ళు. నెట్టు నంబర్ల కోసం పోయింది మాత్రం నేనూ మా పద్మా ఇద్దరమే. అడిగినవాళ్ళందరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి, ఇక రాసి పెడుతున్నాను. పోనివాళ్ళు కూర్చుని చదువుకోండి.

పద్మ మా తమ్ముడి కూతురు. జూపాడు బంగ్లాకు దగ్గర్లో మా ఊరు. రెండేళ్ళ కిందట స్తంభాల మీదుగా సన్నటి తీగ లాగి ఊళ్ళో ఇంటింటికీ నెట్టు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆడపిల్ల స్తంభాలెక్కుతుందా అని నవ్వినవాళ్ళే, ఇప్పుడు నెట్టు ఆగితే గంటకు మూడుసార్లు ఫోను చేస్తారు.

నెట్టుకు తీగ ఒక్కటే ఉంటే చాలదట. బయటి లోకానికి కనబడే నంబరు కూడా ఉండాలి, ఇంటి తలుపు మీద నంబరు ఉన్నట్టు. మనం అడిగింది ఆ నంబరు చూసుకునే మన దగ్గరికి తిరిగి వస్తుంది. పాత నంబర్లు లోకంలో దాదాపు అయిపోయాయి. కొత్త రకం పొడుగు నంబర్లు కావలసినన్ని ఉన్నా, వాటిని గుర్తుపట్టని ఆఫీసులు ఇంకా ఉన్నాయి. అందుకని మా ఊరు ఊరంతా ఒకే ఒక్క పాత నంబరు మీద బతుకుతోంది. ఎవడో ఒకడు ఆకతాయి పని చేసినా, ఒకేసారి ఎక్కువమంది ఎగబడినా, అవతలివాళ్ళు ఆ నంబరుకు తలుపు మూసేస్తారు. మూస్తే అందరికీ మూసినట్టే.

పోయినేడు రమణమ్మ కూతురు శైలజకు అదే జరిగింది. నర్సింగు సీటుకు కాలేజీలు ఎంచుకునే చివరి రోజున, ఈ నంబరు నుంచి చాలామంది వచ్చారు, తర్వాత రండి అని తెర మీద పడింది. వేరే నెట్టు కోసం పిల్ల బండెక్కి నందికొట్కూరు చేరేసరికి గడువు దాటింది. ఏడాది పోయింది. ఈ ఏడు మళ్ళీ ఆ రోజు దగ్గర పడుతోంది. రమణమ్మ రోజూ పొద్దున మా గడప దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఏమీ అడగదు, ఊరికే నిలబడి పోతుంది. అడిగినా బాగుండేది.

నంద్యాల చుట్టుపక్కల నెట్టిచ్చేవాళ్ళు పదకొండుమంది సంఘం కట్టి, పై ఆఫీసు నుంచి ఐదువందల పన్నెండు నంబర్లు తెచ్చుకున్నారు. పద్మ పదకొండో మనిషి, అందరికంటే కొత్త. నంబర్లు ఎట్లా పంచుకోవాలో తేల్చడానికి నంద్యాలలో మీటింగు పెట్టారు. ఎవరు ఎన్ని ఇళ్ళకు నెట్టిస్తున్నారో ముందుగా ఫారం మీద రాసి పంపమన్నారు.

తప్పు నేను చేసింది ఇక్కడే. మా ఊళ్ళో యూరియా వచ్చినప్పుడు పది బస్తాలు కావలసినవాడు ఇరవై రాస్తాడు. సగం కోస్తారని రాసేవాడికి తెలుసు, ఎక్కువ రాశాడని కోసేవాడికీ తెలుసు. ఆ లెక్కలోనే, రెండు వందల పైచిలుకు ఇళ్ళున్న పద్మ చేత ఆరు వందలు రాయించాను. పద్మ పెన్ను ఆపి నా మొహం చూసింది. రాయి అమ్మీ, ఎట్లాగూ కోస్తారు అన్నాను. రాసింది.

వెలుగోడు దాటుతూ

ఆత్మకూరులో బస్సు మారాము. వెలుగోడు దగ్గర చేపల బేసిను తలమీద పెట్టుకుని ఒకామె ఎక్కి, నా కాళ్ళ దగ్గర బేసిను దించి, పక్కన కూర్చుంది. సరిగ్గా అప్పుడే పద్మ ఫోను మోగింది. సంఘం పనులు చూసే మాబు అనే ఆయన పంపిన కబురు: వచ్చేవాళ్ళు ఇళ్ళ జాబితా పేర్లతో సహా తేవాలి, సరిచూస్తారు.

పద్మ అది చదివి ఫోను బోర్లించింది. "అత్తా, ఆరు వందల పేర్లు యాడ తెచ్చేది? చచ్చినోళ్ళను రాయాల్నా?"

చచ్చినవాళ్ళను కలిపినా మా ఊళ్ళో ఆరు వందలు కారని నాకు తెలుసు. అదే చెప్పాను. ఆ మాటకు పద్మ నవ్వలేదు. అబద్ధం రాసినవాళ్ళను సంఘం నుంచి తీసేస్తారని ఫారం అడుగున ఉందట. నాకు చెప్పలేదు. చెప్పినా నేను వినే రకం కాదని ఊరుకుందేమో. అక్కడినుంచి నాకు సీటు మీద ముళ్ళు మొలిచాయి. కిటికీ తెరుస్తాను, మూస్తాను, సంచీ ఒళ్ళోకి తీసుకుంటాను, దించుతాను.

చేపలామె చూసి చూసి, ఏం పని మీద పోతున్నారని అడిగింది. నంబర్లు పంచుకోవడానికి అన్నాను. ఎవరు పంచుతారంది. తీసుకునేవాళ్ళే అన్నాను.

"తీసుకునేటోళ్ళే పంచుతారా? ఇంగ పంచినట్టే" అంది. తమ దగ్గర వల లాగినాక గట్టు మీద కుప్పలు పెడతారట. కుప్పలు పెట్టినోడు అందరూ తీసుకున్నాక కడాన తీసుకోవాలట. "అందుకే యా కుప్పలో ఒక చేప ఎక్కువుండదు, తక్కువుండదు. వానికి మంచితనముండి కాదక్కా, వానికి మిగిలేది యాదో వానికి తెలీదు."

ఆమె దిగేటప్పుడు నా చీర అంచు తడిసి చేపల వాసన పట్టింది. రెండు రోజులు వదలలేదు.

నంద్యాల

మీటింగు పెట్టిన హాలుకు తాళం వేసి ఉంది. కింద కుట్టుమిషను పెట్టుకున్నాయన చెప్పాడు: సంఘం అధ్యక్షుడు ఓబులేసు మనవడికి పుట్టెంట్రుకలు, రేపు అహోబిలంలో అన్నదానం, మీటింగు కూడా భోజనాలయ్యాక అక్కడే. ఫోను గ్రూపులో అందరికీ చెప్పారట. పద్మను ఆ గ్రూపులో చేర్చలేదు. కొత్తది గదా, చేరుస్తాములే అని ఆర్నెల్లుగా అంటున్నారు. విడిగా కబురు చేసే మాబు కూడా ఈ మాట చెప్పడం మరిచిపోయాడు.

మెట్లు దిగుతుంటే నా చెప్పు తెగింది. పిన్నీసు పెట్టుకుని ఈడ్చుకుంటూ ఒక హోటలుకు పోయాము. ఉగ్గాని, బజ్జీ ప్లేటు నలభై. మా నందికొట్కూరులో ముప్పై. మావాళ్ళు పప్పుల పొడి దండిగా చల్లుతారు, వీళ్ళు నిమ్మకాయ దండిగా పిండుతారు. తిరిగేవాళ్ళకు పులుపే మంచిది, కళ్ళు తెరుచుకుంటాయి. నేను తినకముందే ఇంకొంచెం చట్నీ అడిగాను. పొయ్యి దగ్గరున్నామె గరిటె ఆపి, "ఉండేది తిను పెద్దమ్మా, అయిపోయినాక అడుగు. ఈడనే ఉంటా, యాడికి పోను" అంది. కోపమొచ్చింది. ఉన్నది తిన్నాక చూస్తే, ఇంకొంచెం అక్కరలేకపోయింది. ఆ మాట ఆమెకు చెప్పకుండా లేచి వచ్చాను.

సాయంత్రం సత్రం గదిలో పద్మ కాగితం పెట్టుకుని ఇళ్ళ పేర్లు రాయబోయింది. జాబితా ఊళ్ళో కంప్యూటరులో ఉండిపోయింది, తమ్ముడికి ఫోను చేస్తే దాన్ని తెరవడం తనకు రాదన్నాడు. ఇరవై పేర్లు రాసి కాగితం చింపేసింది. అసలు జాబితా చూపిస్తే ఫారం అబద్ధమని తేలుతుంది. చూపించకపోతే నంబర్లు రావు. రెండు వైపులా గొయ్యి తవ్వింది నేనే. మంచం మీద ఆ పక్కకూ ఈ పక్కకూ దొర్లుతున్నానే గాని, తవ్వింది నేనని పైకి అనలేకపోయాను.

ఆళ్ళగడ్డ

శిరివెళ్ళ మీదుగా పొద్దున్నే ఆళ్ళగడ్డ చేరాము. రోడ్డు పక్కన వరసగా శిల్పాల షెడ్లు. కొత్త చెప్పులు నూట ఎనభైకి కొని, అహోబిలం జీపు నిండేదాకా ఒక షెడ్డు ముందు నిలబడ్డాము. రాతి పొడి తలమీద పడి ఎవరిని చూసినా ముసలివాళ్ళలాగే ఉన్నారు. ఒకాయన ద్వారపాలకుడి మొహం చెక్కుతున్నాడు. ముక్కు మరీ పెద్దగా కనబడి, ఇదేంది నాయనా దేవుని కావలివాడికి ఇంత ముక్కు అన్నాను.

ఉలి ఆపకుండానే చెప్పాడు. ముక్కు ఎప్పుడూ పెద్దగానే మొదలుపెడతారట. పెద్దది తగ్గించొచ్చు, చిన్నది పెంచలేరు. "అయితే నునుపు చెయ్యకముందే తగ్గించాల. నునుపు చేసినాక ముట్టుకుంటే మచ్చ పడతాది."

పద్మ ఆ మాటకు నా వైపు తిరిగి, "అత్తా, మన ముక్కు ఆరు వందలుంది. తగ్గించేటోళ్ళెవురు?" అంది.

జీపు హారను కొట్టింది. నేను ఎక్కి కూర్చున్నాను.

దిగువ అహోబిలం

మనిషికి యాభై తీసుకుని పద్నాలుగుమందిని ఎక్కించిన జీపు, దారిలో టైరు పోయి నిలబడింది. టైరు మార్చేసరికి గంటన్నర. నల్లమల దగ్గరపడి గాలి చల్లగానే ఉంది గాని నాకు చెమటలు. అన్నదానం జరిగే సత్రానికి మేము పోయేసరికి మూడు బంతులు లేచాయి. కడబంతిలో మేము, జీపు డ్రైవరు, పూలమ్మేవాళ్ళు, కొండ మీదినుంచి దిగి వచ్చిన నలుగురు ముసలివాళ్ళు.

మా ఊళ్ళో ఏ విందు జరిగినా ఒక పద్ధతుంది. వండినవాటిలో ఒక గుండిగ ముందే పక్కకు పెట్టి, మూత వేసి, మూత మీద అరిటాకు కప్పుతారు. పక్కన పీట వేసుకుని ఇంట్లో పెద్ద ఆడమనిషి కూర్చుంటుంది. కడబంతి కూర్చునేదాకా కన్నకొడుకు అడిగినా ఆ మూత లేవదు. దాన్ని కడబంతి గుండిగ అంటారు. మా అత్తగారు ముప్పై ఏళ్ళు ఆ పీట మీద కూర్చుంది. ఆమె పోయినాక నేను కూర్చుంటున్నాను.

ఇక్కడ అట్లాంటి పీట లేదు. ఓబులేసు బావమరిది వడ్డన చూశాడట. మొదటి బంతిలో తనవాళ్ళకు పులిహోర రెండుసార్లు వేసి, క్యారియర్లకు కూడా నింపి పంపాడట. పులిహోర గుండిగ బోర్లించి ఉంది. మా ఆకుల్లో తెల్లన్నం, మజ్జిగ పడ్డాయి. డ్రైవరు నవ్వి, "వడ్డించేటోడు మనోడైతే కడబంతైనా పర్వాలేదంటారు. మనోడు కాకపాయె" అన్నాడు. ముసలివాళ్ళు మజ్జిగ కలుపుకున్నారు.

ఓబులేసు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నంద్యాలలో నాలుగు వేల ఇళ్ళకు నెట్టిచ్చే మనిషి, యాభై ఏళ్ళుంటాయి. మంచిగానే, తిన్నారా అక్కా అన్నాడు.

"తిన్న్యాం లేప్పా. మజ్జిగ బాగుండె" అన్నాను.

అతను మా ఆకులు చూశాడు. బోర్లించిన గుండిగ చూశాడు. మనవడి మొక్కు అన్నదానం అది. మొహం నల్లబడింది. వెనక్కి తిరిగి పోయాడు.

సత్రం వరండా

చాపలు పరిచి మీటింగు పెట్టారు. మాబు అంటే ఎట్లాంటివాడో అనుకున్నాను, ఆళ్ళగడ్డలో పాతికేళ్ళుగా కేబులు టీవీ నడిపిన సన్నటి మనిషి, కళ్ళద్దాలకు తాడు. ఫారాల్లోని ఇళ్ళ లెక్క ప్రకారం పంచుకుందామని ఒకరిద్దరన్నారు. మాబు ఫారాలన్నీ తిరగేసి, "అన్నీ కూడి చూసినా. ఒక్కో ఊళ్ళో ఉండే ఇండ్ల కంటే మన తీగలున్న ఇండ్లు ఎక్కువొచ్చె. ఒక్కో ఇంట్లో రెండు కాపురాలేమన్నా ఉన్నాయాప్పా?" అన్నాడు. ఎవరూ జాబితా తేలేదు. ఒకరి కంప్యూటరు చెడిపోయింది, ఒకరి కాగితం ఇంట్లో మరిచిపోయారు. సరే, కొత్తవాళ్ళ నుంచి మొదలుపెడదామన్నారు. అందరూ పద్మ వైపు తిరిగారు.

పద్మ లేచి నిలబడింది. చూపించడానికి చేతిలో కాగితం లేదు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. రెండు రోజులుగా అంతే, అయితే ఈసారి లేచి ఊరికే అటూ ఇటూ తిరగలేదు.

"నేను చెప్తానప్పా, రాసుకో" అన్నాను మాబుతో.

చదివింది నాలుగో తరగతి. ఊళ్ళో మాత్రం ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు తీగ పెట్టించుకున్నారో, ఎవరు తీయించుకున్నారో నాకు కళ్ళ ముందుంటుంది. తూర్పు వీధి మొదలుపెట్టాను. వీరయ్యది ఒకటి. మస్తానమ్మది రెండు. బడి మూడు. నాలుగో ఇంటికి తీగ లేదు, కోడలు వద్దంది. పిండి మర నాలుగు. రామిరెడ్డి అన్నదమ్ములు వేరుపడ్డారు గాని నెట్టు ఒకటే, గోడ మీదుగా వాడుకుంటారు. మాబు గీతలు పెడుతూ పోయాడు. టీ వచ్చింది, చల్లారింది. ఎవరో ఒకాయన నవ్వాడు, మరొకాయన ఉండుండు అన్నాడు. పడమటి వీధి చివర రమణమ్మ ఇంటితో ఆపాను.

మాబు గీతలు లెక్కపెట్టి, రెండు వందల ముప్పై ఒకటి అన్నాడు. తర్వాత ఫారం చూసి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "అక్కా, ఈడ ఆరు వందలుంది."

"పిల్ల రాయలే. నేను రాయించినా. యూరియా అనుకొని రాయించినా."

నవ్వులు లేచాయి. లేచినంత తొందరగానే అణిగిపోయాయి, ఒక్కొక్కడికీ తన ఫారం గుర్తొచ్చినట్టుంది. కొంచెంసేపటికి బనగానపల్లె ఆయన గొంతు సవరించుకుని, "మాబన్నా, నాది ఒకసారి ఇట్లియ్యి. సున్నా ఒకటి ఎక్కువ పడినట్టుంది" అన్నాడు. తర్వాత ఇంకొకాయన. తర్వాత ఇద్దరు కలిసి. మాబు పెన్ను కూడా ఇచ్చాడు. అబద్ధం రాసినవాళ్ళను తీసేస్తామన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే సంఘంలో చాపలే మిగులుతాయి.

ఎట్లా పంచితే బాగుంటుందో నన్నే చెప్పమన్నాడు మాబు. నంబర్ల సంగతి నాకు తెలియదు, వడ్డన సంగతి తెలుసు అన్నాను. మొదట అందరి ఆకులోనూ ఒకటే కొలత వేయండి. వేసింది తిన్నట్టు చూపించినవాడికి మారు వడ్డించండి, ఎక్కువ ఆకలి ఉన్నవాడికి ఎక్కువ. ఒక గుండిగ మాత్రం మూత వేసి పక్కన పెట్టండి, రేపు కొత్తగా వచ్చేవాళ్ళకు. పంచే మనిషి తనది కడాన తీసుకోవాలి.

ఓబులేసు అప్పటిదాకా గోడకానుకుని ఉన్నాడు. "నావి నాలుగు వేల ఇండ్లక్కా. నీకూ నాకూ ఒకటే ఆకా?"

"మొదటి వడ్డనకు ఒకటే. మారు నీదే ఎక్కువుంటాది." కొంచెం ఆగి అడిగాను. "ఇంట్లో ముందే తిని వచ్చినోళ్ళు ఎవురన్నా ఉండారాప్పా?"

మాబు పైకప్పు వైపు చూశాడు. మిగిలినవాళ్ళు ఓబులేసు వైపు చూశారు. అతనికి పాతకాలంలో, అడిగినవాళ్ళకు అడిగినన్ని దొరికిన రోజుల్లో తీసుకున్న నంబర్లు రెండు వందల యాభై ఆరు ఉన్నాయట. నాకు ఆ సంగతి నిజంగా తెలియదు. విందులో అడగవలసిన మాట కాబట్టి అడిగాను.

"అవి నావి" అన్నాడు.

"నీవేలేప్పా. నీ ఆకులోది ఎవురు లాక్కుంటారు? తిని వచ్చినోడు కడబంతిలో కూసుంటే ఆకలికి సచ్చిపోడు, అంతే."

ఓబులేసు తల పక్కకు తిప్పాడు. వరండాలోంచి వంటచోటు కనబడుతుంది. ఎవరో పులిహోర గుండిగను ఇసుకతో తోముతున్నారు. ఆ చప్పుడు ఆగినాక, "రాయి మాబూ" అన్నాడు. అయితే ఊరికే ఒప్పుకోలేదు. మారు వడ్డన మాబు అన్నట్టు ఆరు నెలలకు కాదు, మూడు నెలలకే పెట్టాలని బేరమాడి గెలిచాడు. తలా పదహారు. మూత కింద నూట ఇరవై ఎనిమిది. మిగతావి మారు వడ్డనకు. పద్మకు నలభై వస్తాయని ఆశపడ్డాను. పదహారే వచ్చాయి. అయినా పదిహేను ఇళ్ళకో నంబరు.

చాపలు చుడుతుంటే పద్మ ఫోను మోగింది. సంఘం గ్రూపులో ఆమెను చేర్చారు. చేర్చింది ఓబులేసే.

ఇల్లు

కాలేజీలు ఎంచుకునే రోజున శైలజ పద్మ గదిలో కూర్చుంది. నేను లోపలికి పోలేక వాకిట్లో తిరిగాను. పేజీ తెరుచుకుంది. పిల్ల నంద్యాల కాలేజీని మొదట పెట్టింది, సీటు వచ్చింది. మర్నాడు రమణమ్మ మా గడప దాటి లోపలికి వచ్చి, కాఫీ తాగి పోయింది. అప్పుడూ ఏమీ అనలేదు.

మూత కింది నంబర్ల పీట నాకే వేశారు, తమాషాకో నిజానికో. నెలకోసారి మాబు ఫోను చేస్తాడు. మూత తీయమంటావా అక్కా అంటాడు. కడబంతి కూర్చుందా అంటాను. ఇంకా లేదంటాడు. అయితే ఉండనీ అంటాను. ఒకసారి ఓబులేసు కూడా ఆ మూత మీదికి మనసు పోనిచ్చాడని విన్నాను. నన్ను అడగలేదు.

పోయిన వారం మాబు ఫోను చేసినప్పుడు గొంతు వేరుగా ఉంది. యాగంటి పక్కన ఒకామె కొత్తగా తీగ లాగిందట, సంఘంలో చేరతానంటోంది.

"ఎన్ని ఇండ్లని రాసింది?" అడిగాను.

"ముప్పై మూడు."

"రాసినాయి ముప్పై మూడు. ఉండేవెన్ని?"

"నేనూ అదే అడిగినానక్కా. వీధి మొదలునుంచి పేర్లు చెప్పుకుంటా పోయింది. ముప్పై మూడే."

"తీయప్పా మూత" అన్నాను.